వల తరఫున నేను చేసిన వాదన

ఒక మనిషి గంటసేపు మాట్లాడి, ఊరు ఊరంతటినీ ఒప్పించి, ఆ ఒప్పించడం వల్లనే సొంత అక్క దుకాణాన్ని మూతపడే దాకా తీసుకెళ్ళగలడా అని మీకు అనుమానం ఉంటే, కూర్చోండి. తీసుకెళ్ళగలడు. నేను తీసుకెళ్ళాను. మీరు నవ్వుకోండి, నాకు అభ్యంతరం లేదు. నాకు మాత్రం ఈ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నవ్వు రాదు, ఒళ్ళు మండుతుంది. ఇరవై ఏడేళ్ళ ఆ సుధాకర్ గనక ఇప్పుడు కావలి బజారులో ఎదురుపడితే, ఆదివారం మందిరానికి పోతూ ఉన్నా సరే, చేతిలోని పరిశుద్ధ గ్రంథం జాగ్రత్తగా ఏదో ఒక అరుగు మీద పెట్టి, వాడి చెంప మీద ఒక్కటిచ్చి, ఆ తర్వాతే పోయి క్షమాపణ ప్రార్థన చేసుకుంటాను.

అప్పటికి నేను లాయరునై మూడేళ్ళు. లాయరంటే ఏదో ఊహించుకోకండి. ఒక సీనియర్ గారి దగ్గర జూనియర్‌ని. వాయిదా తారీఖులు రాసుకోవడం, ఫైళ్ళు మోయడం, ఫ్యాను కింద కుర్చీలో వేరేవాళ్ళు కూర్చోకుండా సీనియర్ గారు వచ్చేదాకా కాపలా కాయడం, ఇవీ నా వృత్తి ధర్మాలు. ఆ మూడేళ్ళలో నేను స్వయంగా ప్రశ్నించిన సాక్షి ఒక్కడే. గట్టు తగాదా కేసులో ఒక ముసలాయన. నా రెండో ప్రశ్నకే కళ్ళు తిరిగి పడిపోయాడు. ఎండదెబ్బ అని డాక్టరు అన్నాడు. నా ప్రశ్న దెబ్బ అని నేను నమ్మాను. ఆ నమ్మకం ఎంత తలకెక్కిందంటే, ఇంట్లో కూరలో ఉప్పు తక్కువైతే కూడా మా అమ్మను, "ఉప్పు వేశారా లేదా? అవునా, కాదా?" అని నిలదీసే స్థితికి వచ్చాను.

దానికి తోడు నాకు చిన్నప్పటి నుంచీ నోరుంది. మూడో తరగతిలో సంఘం ముందు నిలబడి వాక్యాలన్నీ తడుముకోకుండా అప్పజెప్పి స్టీలు గ్లాసు గెలుచుకున్నవాణ్ణి. పెద్దయ్యాక ఆదివారం బడిలో పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి. నాలుకను అదుపులో పెట్టుకోవడం గురించి నేను చెప్పిన పాఠం చాలా బాగుంటుందని పేరు. గంటన్నర చెప్పేవాణ్ణి మరి.

ఇక అక్క సంగతి. మా కరుణక్క కావలిలో వలల దుకాణం నడుపుతుంది. వలలు, తాళ్ళు, వల తేలడానికి కట్టే బెండ్లు, మునగడానికి కట్టే సీసపు గుళ్ళు, పడవవాళ్ళకు కావలసినవన్నీ. బావ పోయాక ఆ దుకాణం, ఇద్దరు పిల్లలు ఆమె చేతికి వచ్చారు. ఆ దుకాణానికి ప్రాణం ఒకే ఒక పల్లె. సముద్రం ఒడ్డున ఉన్న ఆ పల్లె పేరు రాయను. రాస్తే అక్క నన్ను ఇంట్లోకి రానివ్వదు. వేసవిలో రెండు నెలలు వేట నిషేధం ఉంటుంది కదా, పడవలన్నీ ఒడ్డెక్కి ఉంటాయి. అప్పుడే ఆ పల్లెవాళ్ళంతా ఒక్కసారిగా కొత్త వలలు కొంటారు. విడివిడిగా కొనరు. వాళ్ళ పెద్దను కాపు అంటారు. కాపు ఏ దుకాణానికి సరే అంటే ఊరంతా ఆ దుకాణమే. ఆ పల్లె కొంటే ఆ ఏడు మా అక్క దుకాణం ఉంటుంది. కొనకపోతే తలుపులు మూసుకోవడమే.

ఆ ఏడు సరిగ్గా పల్లెకు పోవలసిన వారంలో అక్కకు కామెర్లు వచ్చాయి. మంచం మీద పడుకుని, పసుపు కళ్ళతో నన్ను పిలిచింది.

"ఒరే సుధా, నువ్వు పొయ్యిరా. సరుకు ఆటోలో ఎక్కించుకోని పో. పందిట్లో వల పరిచి పక్కన కూర్చో. టీ ఇస్తే తాగు. అంతే."

"అమ్మొద్దా?"

"నువ్వేం అమ్మబళ్ళేదు. కాపు పోలయ్యన్న వల పట్టుకోని వంద వంకలు పెడతాడు. దారం బాలేదంటాడు, ముడి బాలేదంటాడు. పెట్టనియ్యి. అట్టా వంకలు పెట్టినాడంటే కొంటాడని లెక్క. కొననోడు బాగుందని చెప్పి లేచిపోతాడు."

"మరి ఆ వంకలకు జవాబు?"

"జవాబు ఎవురూ అడగరు. నోరు మాత్రం తెరవబాక. నీకు దండం పెడతా."

దండం పెట్టి మరీ చెప్పింది. గమనించండి. నేను బుద్ధిమంతుడిలా తలూపి, లోపల ఏమనుకున్నానో తెలుసా? పాపం, చదువులేని అక్క, అనుకున్నాను. ఆరోపణ చేసినప్పుడు ఎదుటివాడు మౌనంగా ఉంటే ఒప్పుకున్నట్టే గదా. ఇన్నేళ్ళూ ఆ అమాయకమైన వలల మీద ఎన్ని నిందలు మోపి ఉంటారో, వాటి తరఫున నోరు విప్పే దిక్కు లేకపోయిందే అని నాకు గుండె కరిగింది. ఆ వలలకు నేను లాయరును కావాలనుకున్నాను. మర్నాడు పొద్దున మోకాళ్ళ మీద ప్రార్థన కూడా చేశాను. "ప్రభువా, నా నాలుకకు బలం ఇవ్వు. వాళ్ళ నోళ్ళు మూయించు" అని.

తర్వాత నల్లకోటు వేసుకున్నాను. అవును, మే నెలలో. వేసుకుని, సరుకున్న ట్రాలీ ఆటోలో డ్రైవరు పక్కన కూర్చుని, ఉడికే పాత్ర మీద మూతలాగా అదురుతూ పల్లెకు చేరాను.

ఇసుకలో తాటాకు పందిరి. దాని కింద ముప్పై మంది దాకా మగవాళ్ళు పాత వలలు బాగుచేసుకుంటున్నారు. పక్కనే నాగమ్మ టీ అంగడి. ఆమె మొగుడు శీనయ్య పందిట్లోనే ఉన్నాడు. మధ్యలో కాపు పోలయ్య. అరవై దాటిన మనిషి, తాడులాగా గట్టిగా ఉన్నాడు. నన్ను ఎగాదిగా చూశాడు.

"కరుణమ్మ తమ్ముడివా? ఒంట్లో చలి జొరమా, కోటేసినావు?"

"లాయర్నండీ" అన్నాను.

"ఓహో. కూర్చో. నాగమ్మా, లాయరబ్బాయికి టీ."

వల పరిచాను. పోలయ్య ఒక కొస మోకాలి మీదికి లాక్కుని, రెండు బొటనవేళ్ళతో వల కన్ను ఒకటి సాగదీసి చూసి, "దారం పలచన" అన్నాడు.

టీ ఇంకా రాలేదు. ఆ టీ వచ్చేదాకా ఆగినా నా బతుకు బాగుపడేది. లేచి నిలబడి, కోటు సవరించుకున్నాను.

"పోలయ్య గారూ, మిమ్మల్ని కొన్ని ప్రశ్నలు అడుగుతాను. అంతా నిజమే చెప్తానని ముందు అందరి ఎదుటా ప్రమాణం చేయండి."

పందిట్లో వలసూదులన్నీ ఆగిపోయాయి.

"నేను అబద్దం చెప్తానని నీకు ఎవురు చెప్పినారబ్బయా?" అన్నాడు పోలయ్య, చాలా నెమ్మదిగా.

"అది పద్ధతి అండీ. సరే, వదిలేద్దాం. నా ప్రశ్నలకు అవును, కాదు అని మాత్రమే చెప్పండి."

"నువ్వు వల అమ్మేదానికి వచ్చినావా, నన్ను పట్టకపొయ్యేదానికి వచ్చినావా?"

అందరూ నవ్వారు. ఆ నవ్వు నా పక్షానిదే అని నేను జమ కట్టుకున్నాను. మూర్ఖుడికి ఎవరు నవ్వినా ఉత్సాహమే.

"పోయినేడు మా దుకాణంలోనే వల కొన్నారు. అవునా?"

"అవును."

"అది చినిగింది. అవునా?"

"అవును."

"ఎలా చినిగింది?"

"అవును, కాదు అని గదా చెప్పమన్నావు. ఇప్పుడేం చెప్పేది?"

మళ్ళీ నవ్వులు. నాగమ్మ టీ తెస్తూ సగంలో ఆగి వినసాగింది. నాకు చెమట కోటు దాటి బయటికి వస్తోంది, నేను మాత్రం హైకోర్టులో ఉన్నాను.

"ఈ ఒక్కదానికి వివరంగా చెప్పండి."

"అడుగున మునిగిపోయిన పడవొకటి ఉండాది. దాని ఇనుముకి తగులుకోని చినిగింది."

"అంటే ఇనుము చించింది. వల తనంతట తాను చినగలేదు. అక్కడ ఆ పడవ ఉందని మీకు ముందే తెలుసు. అవునా, కాదా?"

పోలయ్య దవడ బిగుసుకుంది. "అవును" అన్నాడు.

తర్వాత శీనయ్య మీద పడ్డాను. ఆయన పాపం ఏదో మాట సాయానికి, "నా వలైతే ఇనుము తగలకుండానే పీలికలైంది" అన్నాడు. వల ఎక్కడ దాచావని అడిగాను. మిద్దె మీద, రెండు నెలలు, ఎండలో అని తేలింది.

"నేను మొత్తుకుంటానే ఉండా, నీడలో పెట్టమని" అంది నాగమ్మ.

"నిన్ను ఎవురడిగినారు?" అన్నాడు శీనయ్య.

"అడగకపోబట్టే గదా ఇప్పుడు ఊరందరి ముందర అడిగించుకుంటా ఉండావు" అంది నాగమ్మ.

మొగుడూ పెళ్ళాల మధ్య నిప్పు రాజేసినందుకు సిగ్గుపడ్డానా? లేదు. సాక్షులు ఒకరికొకరు విరుద్ధంగా చెప్తున్నారని మురిసిపోయాను. ఇంకొకాయన వలను ఎలుకలు కొట్టాయని రాబట్టాను. మరొకాయన ముళ్ళకంచె మీద ఆరేశాడని ఒప్పించాను. ఒక్కొక్కరూ తల వంచుకుని పనిలోకి చూపు తిప్పుకుంటూ ఉంటే, నా ఛాతీ పూరీలాగా పొంగింది. పందిట్లో నవ్వులు ఎప్పుడు ఆగిపోయాయో నాకు తెలియనే లేదు.

"కాబట్టి, నేరం చేసింది ఇనుము, ఎండ, ఎలుక, ముల్లు" అని, కొత్త వల మీద చెయ్యి వేసి, "నా కక్షిదారు నిర్దోషి" అన్నాను.

అక్కడ కూర్చోవాలి. కావలసిన మాట సాక్షి నోట వచ్చిన తర్వాత ఇంకొక్క ప్రశ్న కూడా అడగకుండా కూర్చోమని సీనియర్ గారు మూడేళ్ళు నా చెవిలో పోరారు. మూడేళ్ళ జీతం లేని చాకిరీలో నాకు దక్కిన ఒకే ఒక ఆస్తి ఆ సలహా. దాన్ని ఆ ఇసుకలో పారబోశాను.

"చివరగా ఒక్క ప్రశ్న, పోలయ్య గారూ. మా దుకాణం వల అంత గట్టిది కదా, ఆ చిరుగు గనక కుట్టుకుంటే మీ పాత వల ఇంకా ఎన్నేళ్ళు వస్తుంది?"

పోలయ్య వెనకాల వేలాడుతున్న తన పాత వల వైపు చూశాడు. సముద్రం వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు.

"ఇంకో రెండేళ్ళు వస్తాది."

"అందరూ విన్నారు కదా" అన్నాను, చేతులు చాచి.

"విన్నారు" అన్నాడు పోలయ్య. కండువా దులిపి భుజాన వేసుకుని లేచాడు. "లాయరబ్బాయి చెప్పిందాంట్లో నాయం ఉండాది. తప్పు వలది కాదంట, మనదంట. పాతవి కుట్టుకుంటే ఇంకో రెండేళ్ళు వస్తాయంట. అందుకని ఈ ఏడు ఈ ఊళ్ళో ఎవురూ కొత్త వల కొనబళ్ళేదు. కరుణమ్మ దగ్గరే కాదు, యాడా కొనబళ్ళేదు. ఇది కట్టుబాటు."

ఎవరూ నవ్వలేదు. ఒకరిద్దరు తలూపారు. నాగమ్మ నా ముందు దాకా తెచ్చిన టీ గ్లాసును వెనక్కి తీసుకుపోయింది.

"అది కాదు కాపూ, నేను చెప్పేది ఏమిటంటే" అన్నాను.

"నువ్వే గదా రుజువు చేసినావు. ఇంక నువ్వు కాదంటే ఎట్టా?" అని ఆయన కూర్చుని, తన పాత వల చిరుగు వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

ఆయన కోపం ఏమిటో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. నాకు అర్థం కావడానికి వారం పట్టింది. నలభై ఏళ్ళు సముద్రం మీద బతికిన మనిషికి వల పట్టుకోవడం రాదని, సొంత ఊరి ముందు ఆయన నోటితోనే చెప్పించాను. చెప్పించింది ఎవరు? మోకాలి లోతు నీళ్ళలోకి దిగితే దేవుణ్ణి తలచుకునే నేను.

ఇంటికి వచ్చేసరికి అక్క మంచం మీద కూర్చుని ఉంది. ఆటో నిండుగా తిరిగొచ్చిన చప్పుడు విన్నట్టుంది. ఖాళీ ఆటో గలగలలాడుతుంది, నిండుది మూలుగుతుంది.

"కొన్నారా?"

నేను ఏం జవాబు చెప్పానో రాయడానికి చెయ్యి రావడం లేదు. ప్రభువు సన్నిధిలో నిజమే చెప్పాలి కాబట్టి రాస్తున్నాను. "గెలిచానక్కా" అన్నాను.

జరిగింది మొత్తం చెప్పించుకుంది. చెప్తున్నంతసేపూ ఆమె ముఖంలో పసుపు పోయి ఎరుపు వచ్చింది. కామెర్లకు అంత త్వరగా పనిచేసే మందు లేదు.

"ఎవురి మీద గెలిచినావురా?" అంది. "మన పిల్లోళ్ళకి అన్నం పెట్టే మనిషి మీద గెలిచినావా? మీ బావ పదేళ్ళు ఆ పందిట్లో వంగి కూర్చోని సంపాదించిన పేరు, నువ్వు కోటేసుకోని పొయ్యి ఒక పూటలో సముద్రంలో కలిపేసినావు. ఇంక నా కంటి ముందర నిలబడబాక."

నిలబడలేదు. బయటికి పోయి, నాకూ కోపం తెచ్చుకున్నాను. పోలయ్య మీద కోపం. తర్కం ముందు తల వంచాల్సింది పోయి దాన్నే పట్టుకుని నన్ను కొట్టినందుకు. శీనయ్య మీద, ఎలుకల మీద, నల్లకోటు కుట్టిన దర్జీ మీద. చివరికి దేవుడి మీద. శుక్రవారం ఉపవాస ప్రార్థన అయిపోయాక మా పాస్టరు గారి దగ్గరికి పోయి కుమిలిపోయాను.

"అంత విశ్వాసంతో ప్రార్థన చేసి పోయానండీ. దేవుడు వినలేదు."

"ఏమని చేశావు?"

"వాళ్ళ నోళ్ళు మూయించమని."

"మూతపడ్డాయా?"

"పడ్డాయండీ."

"మరి వినకపోవడం ఎక్కడుంది నాయనా? పోయి వందనాలు చెప్పుకో" అని ఆయన చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు.

వారానికి అక్క లేచి తిరగగలిగింది. ముందు తాను పోలయ్యకు ఫోను చేసింది. ఆయన మర్యాదగానే మాట్లాడాడట. "నీ మీద నాకేం కోపం లేదు కరుణమ్మా. అయితే ఊరి ముందర ఒక మాట నిలబడినాక, దాన్ని తీసెయ్యాలంటే నిలబెట్టినోడే వచ్చి అది తప్పని చెప్పాల. మా ఊళ్ళో అదీ పద్ధతి" అన్నాడట. వేట నిషేధం అయిపోవడానికి ఇంకో పది రోజులు. అక్క మళ్ళీ ఆటోకి సరుకెత్తించి, నన్ను దాంట్లోకి తోసింది.

"అక్కా, నేనేం చెప్పాలి?"

"వల నాసిరకమని చెప్పు. పాతవి రెండేళ్ళు రావని చెప్పు."

"వల మంచిదే కదా. అబద్ధం ఎలా చెప్పను? ఆదివారం బడి పిల్లలకు నేను..."

"కోర్టులో చెప్పవా?"

"అక్కడ చెప్పేది కక్షిదారు. నేను కాదు."

అక్క నా వైపు తిరిగి చూసింది. "నీకు నిజం చెప్పడం రాదు, అబద్దం చెప్పడం రాదు, ఊరికే ఉండటం అసలు రాదు. దేవుడు నిన్ను ఏ పని మీద పంపించినాడో నాకర్థం గాదు" అని, ఆటో పోనిమ్మంది.

పందిట్లో అందరూ ఉన్నారు. టీ లేదు. నేను కోటు లేకుండా, తడిసిన చొక్కాతో మధ్యలో నిలబడ్డాను. అక్క పిల్లలు, దుకాణం తలుపులు, ఆ పదేళ్ళ పేరు, అన్నీ నా నాలుక చివర వేలాడుతున్నాయి. ఆ నాలుక ఒక్కసారైనా నా మాట వింటుందా అని భయం. వల నాసిరకం అందామని నోరు తెరిచాను. రాలేదు. సంఘంలో నిలబడి వందసార్లు నా పాపాలు ఒప్పుకున్నాను, ఎప్పుడూ ఇంత కష్టం కాలేదు. అక్కడ చిన్న చిన్నవి ఏరి ఒప్పుకునేవాణ్ణి మరి.

"వల మంచిదో కాదో నాకు తెలియదు" అన్నాను. "నాకు వలల గురించి ఏమీ తెలియదు. ఈత రాదు. పడవ ఎక్కింది లేదు. ఆరోజు నేను వల కోసం మాట్లాడలేదు, గెలవడం కోసం మాట్లాడాను. పాత వల రెండేళ్ళు వస్తుందో రెండు రోజులు వస్తుందో తెలిసింది మీకు. తెలియని నేను తెలిసిన మిమ్మల్ని నిలబెట్టి అడిగాను. అది తప్పు. కాపూ, శీనయ్యన్నా, క్షమించండి."



"ఈ ముక్క మొన్ననే చెప్పుంటే టీ తాగి పొయ్యుండేవాడివి గదబ్బయా" అంది నాగమ్మ, అంగడిలో నుంచి.

ఎవరో కిసుక్కుమన్నారు. పోలయ్య నవ్వలేదు. ఆయన మెల్లగా చెయ్యి చాపి, కొత్త వల కొస మోకాలి మీదికి లాక్కున్నాడు.

"దారం పలచన" అన్నాడు.

నా నోరు దానంతట అదే తెరుచుకుంది. మీ మీద ఒట్టు, కాదు, ఒట్లు పెట్టుకోకూడదు, ఊరికే నమ్మండి. తెరుచుకుంది. అక్క తన బరువంతా నా కాలి బొటనవేలి మీద మోపింది. మూసుకుంది.

"ముడి జారతా ఉండాది" అన్నాడు పోలయ్య.

"ఊఁ" అంది అక్క.

"బెండ్లు తేలిక. సీసం బరువు. రంగు చూస్తే చేపలు పారిపొయ్యేటట్టు ఉండాయి."

"ఊఁ" అంది అక్క, కళ్ళనిండా నీళ్ళతో, ముఖమంతా వెలుగుతూ.

ఆ ఏడు పెట్టినన్ని వంకలు ఆ పల్లెలో ఏనాడూ పెట్టలేదట. ముప్పై మందీ వంతులవారీగా పెట్టారు. శీనయ్య అయితే వల అయిపోయాక వల కట్టిన గోతానికి, గోతం తెచ్చిన ఆటోకి కూడా పెట్టాడు. పొద్దు వాలేసరికి ఆటో ఖాళీ అయింది. అందరి చేతికీ టీ వచ్చింది, నాకు తప్ప.

వచ్చేసేటప్పుడు పోలయ్య ఆటో దాకా వచ్చి, నన్ను తల నుంచి కాళ్ళ దాకా చూశాడు.

"సరుకు పరవాలేదు గానీ కరుణమ్మా, దాంతో కూడా వచ్చిన ఈ మనిషి మాత్రం శానా నాసిరకం" అన్నాడు. "నోరు వదులు. బుర్ర పలచన."

నాకు మళ్ళీ రక్తం మరిగింది. ఆటో కదిలాక, "చూశావా అక్కా, అంత తప్పు ఒప్పుకున్నాక కూడా" అన్నాను.

"ఒరే పిచ్చోడా" అంది అక్క, వారంలో మొదటిసారి నవ్వుతూ, "వంక పెట్టినాడంటే నిన్ను తీసుకున్నట్టేరా."

కాబట్టి, కావలి వాస్తవ్యుడైన సుధాకర్ అనే నేను, స్థిరమైన బుద్ధితో, ఎవరి బలవంతమూ లేకుండా, దేవుని ఎదుటా పాఠకుల ఎదుటా రాసి ఇస్తున్న ప్రతిజ్ఞ ఏమనగా: కొనడానికి వచ్చిన మనిషిని ఇకమీదట ఒక్క ప్రశ్న కూడా అడగను. నా సరుకును ఎవరు ఎన్ని మాటలన్నా, దాని తరఫున వకాల్తా పుచ్చుకోను. ఈ ప్రతిజ్ఞ మీద మీలో ఎవరికైనా అభ్యంతరం ఉంటే, వాదన అక్కరలేదు. మీరే గెలిచారు.